సర్దే కదా అని దాచుకుంటున్న దగ్గు



రాత్రి పదకొండు దాటాక ఏ క్యాంపు వరండాలో నిలబడినా వినిపించే శబ్దం ఒకటుంది. ఒక గదిలో ఎవరో గొంతు గీరుకుంటారు. పక్క గదిలో ఇంకొకాయన దగ్గుతాడు, ఆగుతాడు, మళ్లీ దగ్గుతాడు. పై బెడ్డు మీద నుంచి "అరే భయ్, జర పండనియ్యి" అని గొణుగుడు. తెల్లారి నాలుగున్నరకు బాత్రూముల దగ్గర వరసగా కాండ్రించి ఉమ్మే చప్పుడు. ఇది మనకు ఎంత అలవాటైందంటే, దీన్ని జబ్బు కింద లెక్కే వేయం. "దుబాయ్ సర్ది" అని పేరు పెట్టి ఊరుకుంటాం. ఊరి నుంచి ఫోన్ చేసి "ఏంది, గొంతు అట్లున్నది?" అని ఇంటామె అడిగితే "ఏం లేదు, ఏసీ గాలి" అంటాం.

నేను డాక్టర్ని కాదు. జగిత్యాలలో బీకాం చదివి, ఇక్కడికొచ్చి పదిహేడేళ్లుగా స్టోర్లు, అకౌంట్లు చూసుకుంటున్న వాణ్ని. సెలవు రోజుల్లో మనవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవడం, కాగితాలు నింపిపెట్టడం, డాక్టరు మాట హిందీలోకి, తెలుగులోకి చెప్పడం నా పని. అలా డాక్టర్ల గదుల్లో కూర్చుని కూర్చుని ఒక సంగతి గమనించాను. "నెలల తరబడి దగ్గు" అని వచ్చిన వాళ్లలో చాలామందికి జబ్బు ఊపిరితిత్తుల్లో లేదు, ముక్కులో ఉంది. డాక్టర్లు దాన్ని పోస్ట్ నేసల్ డ్రిప్ అంటారు. ముక్కు వెనకవైపు నుంచి గొంతులోకి చీమిడి కారడం అన్నమాట.

మన ముక్కు, దాని చుట్టూ ఎముకల్లో ఉండే సైనస్ గదులు రోజుకు సుమారు ఒక లీటరు దాకా జిగట నీరు తయారు చేస్తాయి. పీల్చే గాలిలోని దుమ్మును పట్టుకోవడానికి, గాలికి తడి ఇవ్వడానికి అది కావాలి. పని అయ్యాక ఆ నీరు మెల్లగా గొంతులోకి జారుతుంది, మనకు తెలియకుండానే మింగేస్తాం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా ఇది రోజంతా జరుగుతూనే ఉంటుంది. తంటా ఎప్పుడంటే, దుమ్ము ఎక్కువై ముక్కు మామూలుకన్నా ఎక్కువ నీరు తీసినప్పుడు, లేదా ఏసీకి ఎండిపోయి ఆ నీరు గోందులా చిక్కబడినప్పుడు. అప్పుడు గొంతులో ఏదో అతుక్కున్నట్టు ఉంటుంది. మింగినా పోదు, గీరినా రాదు. నిలబడి పనిచేసేటప్పుడు అంత తెలియదు గానీ, పడుకోగానే వెనక్కి కారి దగ్గు మొదలవుతుంది. గొంతు బొంగురు పోతుంది, నోరు వాసన వస్తుంది, కొందరికి పొద్దున్నే కడుపులో తిప్పుతుంది.

ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. మరి లేబర్ హక్కుల గురించి రాసే ఈ పత్రికలో చీమిడి గోల ఎందుకు అంటారేమో. ఎందుకో చెబుతాను.

రెండేళ్ల కింద మా సైటులో ఒక టైల్ మేస్త్రీ ఉండేవాడు. నలభై దగ్గర వయసు, చేయి తిరిగిన పనివాడు. ఏడాదిన్నరగా దగ్గు. ఎవరికీ చెప్పలేదు. దగ్గు వచ్చినప్పుడల్లా మెట్ల కిందికి పోయి దగ్గి వచ్చేవాడు. క్యాంపులో అందరూ పడుకున్నాక లేచి వరండాలో కూర్చునేవాడు, కుర్చీలో కూర్చుంటే దగ్గు తగ్గేది కాబట్టి. నేను పట్టుకుని అడిగితే ఆయన చెప్పిన మాట: "టీబీ అంటరు సారూ. వీసా పోతది. ఇంకా మూడు లక్షల అప్పున్నది." ఏడాదిన్నర ఆ మనిషి రాత్రులు కూర్చుని గడిపింది దగ్గుతో కాదు, ఆ భయంతో.

బలవంతంగా తీసుకుపోయాను. ఎక్స్‌రే తీశారు, తెమడ పరీక్ష చేశారు. టీబీ లేదు. ముక్కులోకి లైటు వేసి చూసిన డాక్టరు, లోపల పొర వాచి తెల్లబడి ఉందని, దుమ్ము ఎలర్జీ అని, దాని మీద టైల్ కోసే పొడి అని చెప్పారు. ముక్కులో కొట్టుకునే స్ప్రే ఒకటి, ఉప్పునీళ్లతో కడుక్కోవడం, పనిలో సరైన మాస్కు. నెల తిరిగేసరికి ఆయన పడుకుని నిద్రపోయాడు. పూర్తిగా పోయిందని చెప్పను. దుమ్ము తుఫాను వచ్చిన వారం మళ్లీ మొదలవుతుంది. కానీ భయం పోయింది.

టీబీ గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రెండు మూడు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే పరీక్ష చేయించుకోవాల్సిందే. ముక్కు జబ్బే అయి ఉంటుందని నా వ్యాసం చదివి ఇంట్లో కూర్చోవద్దు. ఇక పంపించేస్తారన్న భయం సంగతి. కొత్తగా వచ్చేవాళ్ల మెడికల్‌లో టీబీ బయటపడితే వీసా రాదు, అది నిజమే. కానీ ఇప్పటికే ఇక్కడ ఉండి వీసా రెన్యువల్ చేసుకునేవాళ్ల విషయంలో యూఏఈ 2016లో నిబంధన మార్చింది. వెంటనే పంపించేయకుండా, చికిత్స తీసుకుంటూ ఏడాది వీసా మీద ఉండే వీలు కల్పించింది. మనవాళ్లలో సగం మందికి ఈ సంగతి తెలియదు. పాత రోజుల కథలే ఇంకా గదుల్లో తిరుగుతున్నాయి. ఆ కథల వల్ల దగ్గు దాచేవాడు నిజంగా టీబీ ఉన్నవాడైతే, అదే గదిలో పడుకునే ఇంకో ఏడుగురి సంగతేంటి?

ఇప్పుడు మాస్కు దగ్గరికి వస్తాను. ఇక్కడ నా తప్పు నేనే చెప్పుకోవాలి.

ఇంతకు ముందు పనిచేసిన ఒక కంపెనీలో స్టోరు నా చేతిలో ఉండేది. మాస్కుల ఇండెంట్ నేనే పెట్టేవాణ్ని. పై నుంచి ఆర్డరు "ఖర్చు తగ్గించు." నేను పల్చటి నీలం మాస్కులు, ఆసుపత్రిలో పెట్టుకునేవి, పెట్టెలు పెట్టెలు తెప్పించేవాణ్ని. చవక. మనిషికి రోజుకొకటి. ఎవరైనా రెండోది అడిగితే "పొద్దున ఇచ్చిన కదా" అని కసిరేవాణ్ని. రిజిస్టర్‌లో మాస్కులు ఇచ్చినట్టు సంతకాలు ఉన్నాయి, ఇన్‌స్పెక్షన్‌కు అది చాలు. ఆ మాస్కు టైల్ దుమ్మును ఆపదు అని నాకు తెలియదా అంటే, తెలుసుకోవాలని అనుకోలేదు. అది నిజం.

సిమెంటు, కాంక్రీటు, టైలు, గ్రానైటు కోసినా, డ్రిల్ చేసినా, చిప్పింగ్ చేసినా లేచే పొడిలో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే ముతక దుమ్ము ముక్కులో ఆగి చీమిడి పుట్టిస్తుంది. కంటికి కనిపించనంత సన్నటి పొడి లోపలికి, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అక్కడ ఏళ్ల తరబడి పేరుకుంటే వచ్చేది సిలికోసిస్. దానికి మందు లేదు, వెనక్కి తిరిగిరాదు. వంటింటి గట్ల మీద వేసే తయారీ క్వార్ట్‌జ్ రాయిలో సిలికా తొంభై శాతం పైన కూడా ఉంటుంది. ఆ రాయి కోసిన కుర్రవాళ్ల ఊపిరితిత్తులు చెడిపోతున్నాయని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. అందుకే నేను అనేది, ముక్కు కారడం, గొంతు గరగర అన్నవి చిన్న విషయాలు కావు. ముక్కు మీకు ముందుగా చెబుతోంది, ఇక్కడ గాలి బాగాలేదు అని. ముక్కుకు పట్టిన దుమ్ము మీకు తెలుస్తుంది. ఊపిరితిత్తికి పట్టింది పదేళ్లకు గానీ తెలియదు.

తలకు చుట్టుకున్న తువ్వాల, గుత్రా, కర్చీఫు, నేను పంచిన ఆ నీలం మాస్కు, ఇవేవీ సన్న పొడిని ఆపవు. కావాల్సింది ఎన్95 గానీ, ఎఫ్ఎఫ్‌పీ2 గానీ, కోత పనికి ఎఫ్ఎఫ్‌పీ3 గానీ. మాస్కు మీద ఆ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి, చూసుకోండి. ముక్కు మీది రేకు నొక్కి పెట్టాలి. గడ్డం ఒత్తుగా ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. ఉతికితే పనికిరాదు. ఊపిరి ఆడటం బరువైనప్పుడు మార్చాలి, అది సాయంత్రమైనా సరే, మధ్యాహ్నమైనా సరే. అసలు మాస్కుకన్నా ముందు రావాల్సింది నీళ్లు. కట్టర్‌కు నీళ్ల పైపు తగిలించి కోస్తే దుమ్ము చాలా తగ్గుతుంది. చీపురుతో పొడిగా ఊడిస్తే ఆరిన దుమ్మంతా మళ్లీ లేస్తుంది, తడిపి ఊడవాలి. ఫోర్‌మన్ "టైమ్ లేదు, సూఖా మారో" అంటాడు. నాకు తెలుసు. అయినా అడగాలి. ఒక్కడు అడిగితే తిడతాడు. గ్యాంగంతా అడిగితే పైపు తెప్పిస్తాడు. ఇది నేను చూసిన మాట.

పని వల్ల వచ్చే ప్రమాదం నుంచి కాపాడే సామాను ఇవ్వడం ఇక్కడి చట్టం ప్రకారం యజమాని బాధ్యత. దాని డబ్బులు జీతంలో కోయకూడదు. మాస్కు అడగడం బిచ్చం కాదు. అడిగినప్పుడు నోటితోపాటు వాట్సాప్‌లో కూడా రెండు ముక్కలు పెట్టండి, "సార్, టైల్ కటింగ్ సైట్ మే ఎన్95 మాస్క్ నహీ హై" అని. తేదీతో సహా అది మీ ఫోన్‌లో ఉంటుంది. రేపు అవసరం పడితే సంతకాల రిజిస్టర్‌కు అదే జవాబు.

క్యాంపు గది సంగతి. ఇక్కడ తప్పు కొంత కంపెనీది, కొంత మనది, దాచడం ఎందుకు. గదిలో మనిషికి కనీసం మూడు చదరపు మీటర్ల చోటు, గాలి వచ్చే వీలు, ఏసీ ఉండాలని నిబంధనలు ఉన్నాయి. ఏసీ ఉంటుంది. దాని ఫిల్టర్ తీసి చూసిందెవరు? మా గదిలో మొదటిసారి తీసినప్పుడు అది ఫిల్టర్ కాదు, కంబళి ముక్కలా ఉంది. ఆ దుమ్మంతా రాత్రంతా మా ముక్కుల్లోకే. కుళాయి కింద పెట్టి కడిగి ఆరబెట్టడానికి పది నిమిషాలు పట్టదు. పదిహేను రోజులకోసారి వంతు పెట్టుకోండి. ఏసీ నీరు కారి గోడకు బూజు పట్టి ఉంటే అది క్యాంపు బాస్ పని, ఫోటో తీసి పంపండి. ఏసీ గాలి నేరుగా మొహానికి కొట్టే పై బెడ్డు ఎవరిదో వాళ్లకే ఎక్కువ తిప్పలు. అట్టముక్క అడ్డం పెట్టి గాలి దారి మళ్లించినా చాలు. పరుపు, దిండ్లలో కంటికి కనపడని పురుగులు బతుకుతాయి, మన ఎలర్జీలో పెద్ద భాగం వాటిదే. దిండు గలీబు, దుప్పటి వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి. పరుపులు ఎండలో వేయండి. ఈ దేశంలో మనకు ఉచితంగా దొరికేది ఎండ ఒక్కటే, దాన్నైనా వాడుకుందాం.

ఇంకొకటి, మీకు ఆశ్చర్యం అనిపించవచ్చు. సైటు నుంచి రాత్రి ఎనిమిదింటికి వచ్చి, వండుకుని, పదింటికి ఎర్రగా కారం కలిపిన కూరతో కడుపు నిండా తిని, పదీ పదికి పడుకుంటాం. పడుకోగానే కడుపులో పులుపు పైకి ఎగదన్ని గొంతు దాకా వస్తుంది. అది కూడా ఇలాగే గొంతు గరగర, దగ్గు తెస్తుంది. ఛాతీలో మంట లేకపోయినా వస్తుంది. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకోవాలంటారు డాక్టర్లు. మన డ్యూటీలకు అది జరిగే పని కాదు. కనీసం రాత్రి అన్నం కొంచెం తగ్గించి, తల వైపు మంచం కాళ్ల కింద చెక్క పెట్టి ఎత్తు చేసుకోండి. దానితో ముక్కు నుంచి కారేది కూడా తగ్గుతుంది. బీపీ మాత్రలు వాడే నా వయసు వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలు కొందరికి పొడి దగ్గు తెస్తాయి. డాక్టరును అడిగి మార్పించుకోండి, మీకు మీరే మానేయవద్దు.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ దుమ్ము వేరు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ ఫోన్ చేసింది. గొంతు గీరుకోవడం ఆగక, మేడమ్ "నీకేదో అంటు జబ్బు, పిల్లల్ని ముట్టుకోకు" అందట. ఆమె ఏడుపు దగ్గు గురించి కాదు, పిల్లవాడు చేతులు చాపుతుంటే ఎత్తుకోలేకపోతున్నానని. రోజంతా ఏం చేస్తావమ్మా అని అడిగితే తెలిసింది. మూడు బాత్రూములు, తలుపులు మూసి, బ్లీచ్ పోసి కడగడం. ఘాటు చాలదని దానిలో టాయిలెట్ ఆసిడ్ కూడా కలపడం. సాయంత్రం ఇంటినిండా బఖూర్ పొగ వేయడం. ముక్కు కారక ఏం చేస్తుంది?

బ్లీచ్‌లో ఆసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. అది విషం. అద్దాలు తుడిచే అమోనియా మందు కలిపినా విషపు గాలే. ఏ రెండు మందులూ కలపకండి, ఎవరు చెప్పినా సరే. బ్లీచ్‌ను నీళ్లలో పలచగా చేసి, తలుపు తెరిచి, ఫ్యాన్ వేసి కడగండి. స్ప్రే గాలిలోకి కొట్టకుండా గుడ్డ మీద కొట్టి తుడవండి. బఖూర్ వెలిగించి గదిలో పెట్టి మీరు బయటికి వచ్చేయండి, పొగ దగ్గర నిలబడి విసరనక్కర్లేదు. మేడమ్‌కు చెప్పడం కష్టమే. ఆ చెల్లెమ్మ విషయంలో డాక్టరు చీటీ మీద "ఎలర్జీ, అంటుకునేది కాదు" అని ఇంగ్లీషులో రాయించాం. ఆ ఒక్క ముక్క చూపించాక పిల్లవాడు మళ్లీ ఆమె చేతుల్లోకి వచ్చాడు. మీ డాక్టరును అడిగి అలా రాయించుకోవడానికి మొహమాటపడకండి.

ఇక మందులు. ఇక్కడే మనవాళ్లు చేసే పొరపాట్లు ఎక్కువ.

మొదటిది ముక్కు చుక్కలు. ముక్కు దిబ్బడ వేసినప్పుడు వేసుకునే చుక్కల మందు, సీసా మీద జైలోమెటజోలిన్ అని గానీ ఆక్సీమెటజోలిన్ అని గానీ ఉంటుంది. ఒక్క నిమిషంలో ముక్కు తెరుచుకుంటుంది, ప్రాణం లేచొస్తుంది. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు. అంతకు మించి వేస్తే, మందు దిగగానే ముక్కు ముందుకన్నా గట్టిగా మూసుకుంటుంది. మళ్లీ వేస్తాం. నేను అలా రెండేళ్లు వేశాను. జేబులో పర్సు మరిచిపోయిన రోజులున్నాయి గానీ ఆ సీసా మరిచిపోయిన రోజు లేదు. మానడానికి డాక్టరు స్ప్రే ఇచ్చి, పది రోజులు నోటితో ఊపిరి పీల్చుకుంటూ పడుకున్నాను.

డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే వేరు. ఫ్లూటికసోన్, మోమెటసోన్ అని ఉంటుంది. ఇది వెంటనే పనిచేయదు, వారం రెండు వారాలు రోజూ కొట్టుకోవాలి. రెండు రోజులకే "పనికిరాలేదు" అని పారేస్తాం మనం. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో పట్టుకుని, మధ్య గోడకు కాకుండా బయటి వైపుకు కొట్టాలి. గోడకు కొడితే రక్తం వస్తుంది.

రెండోది సర్ది మాత్రలు. గదిలో ఎవరి దగ్గరైనా ఒక స్ట్రిప్ ఉంటుంది, అడిగి వేసుకుంటాం. వాటిలో చాలావాటికి నిద్ర వస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్నవాటికి బాగా, సెట్రిజిన్‌కు కూడా చాలామందికి. అది వేసుకుని స్కాఫోల్డింగ్ ఎక్కితే? క్రేన్ నడిపితే? డాక్టరుకు, ఫార్మసీలో కూడా, ముందే చెప్పండి "నేను ఎత్తులో పనిచేస్తాను" అని. నిద్ర తక్కువ తెచ్చే లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి ఉన్నాయి. అడిగితేనే ఇస్తారు.

మూడోది, అన్నిటికన్నా ప్రమాదం. ఊరి నుంచి వచ్చేవాళ్లతో దగ్గు మందు తెప్పించుకోవడం. మా అత్తమ్మ ఒకసారి అల్లం మురబ్బా, కరక్కాయలు కట్టిన మూటలో ఒక దగ్గు మందు సీసా కూడా పెట్టింది, ప్రేమతోనే. విమానాశ్రయంలో మూట విప్పి చూసుకున్నాను. కోడీన్ అని ఉంది. అక్కడే తీసేశాను. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు ఈ దేశంలో మత్తు మందుల చట్టం కిందికి వస్తాయి. ఇక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోకుండా తెస్తే పట్టుకుంటారు, కేసు అవుతుంది. "నాకు తెలియదు సార్" అన్నది అక్కడ చెల్లదు. మీ కోసమే కాదు, పక్క ఊరివాళ్ల కోసం "జర ఈ మందు పట్కపో" అని ఇచ్చేది కూడా తీసుకోకండి. కరక్కాయ తెచ్చుకోండి. బుగ్గన పెట్టుకుంటే గొంతుకు హాయిగా ఉంటుంది, ఏ పోలీసూ అడగడు.

చీమిడి పచ్చగా ఉంటే యాంటీబయాటిక్ వేసుకోవాలన్నది కూడా సగం నిజమే. మామూలు వైరస్ జలుబులో కూడా నాలుగైదు రోజులకు పచ్చబడుతుంది. ఎలర్జీకి ఆ మందు అసలు పనిచేయదు.

చవకైనది, నేను అందరికీ చెప్పేది ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం. మన పెద్దలు జలనేతి అన్నదే. గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు, చిటికెడు తినే సోడా. సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు వంచి, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, పై ముక్కులో మెల్లగా పోస్తే కింది ముక్కు నుంచి వస్తుంది. డ్యూటీ నుంచి వచ్చాక ఒకసారి చేస్తే రోజంతా పట్టిన దుమ్ము పోతుంది. మొదటి రోజు బయటికొచ్చే రంగు చూసి మీరే భయపడతారు. కానీ నీళ్లు తప్పకుండా కళపెళా మరిగించి చల్లార్చినవే కావాలి. క్యాంపు ట్యాంకు నీళ్లు పచ్చివి ముక్కులో పోయవద్దు. నీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకెక్కితే మనిషి బతకడం కష్టం. కేరళలో ఈ మధ్య దానివల్ల పోయినవాళ్ల సంగతి మీ మలయాళీ రూమ్మేటును అడగండి, చెబుతాడు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఈ చిట్కాలన్నీ పక్కన పెట్టి పోవాలి. తెమడలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఆయాసం, పిల్లికూతలు, మూడు వారాలైనా తగ్గని గొంతు బొంగురు, మింగడం కష్టమవడం, కంటి చుట్టూ వాపు. ఇంకొకటి సైటువాళ్లకు ప్రత్యేకం. తలకు దెబ్బ తగిలాక ఒకవైపు ముక్కు నుంచి నీళ్లలాంటి పల్చటి ద్రవం కారుతుంటే అది సర్ది కాదు. మెదడు చుట్టూ ఉండే నీరు అయి ఉండవచ్చు. అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి పోవాలి.

పోతే జీతం పోతుందని ఆగేవాళ్లకు నా బీకాం లెక్క. జీతం 1,200 దిర్హాములు అనుకుందాం, రోజుకు 40. చెప్పకుండా మూడు రోజులు గదిలో పడుకుంటే 120 పోతుంది, పైగా అబ్సెంట్ పడుతుంది. కారణం లేకుండా వరసగా ఏడు రోజులు దాటినా, ఏడాదిలో విడివిడిగా ఇరవై రోజులు దాటినా నోటీసు లేకుండా తీసేసే వీలు చట్టంలో ఉంది. అదే మూడు రోజులు డాక్టరు సర్టిఫికెట్‌తో అయితే ఒక్క దిర్హాము పోకూడదు. ప్రొబేషన్ దాటినవాళ్లకు ఏడాదికి 90 రోజుల సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగతా 45 జీతం లేకుండా. జబ్బు పడిన సంగతి మూడు పని దినాల్లోపు కంపెనీకి తెలపాలి. ప్రొబేషన్‌లో ఉంటే లీవు దొరకవచ్చు గానీ జీతం రాదు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఏడాదికి 30 రోజులు, అందులో మొదటి 15 జీతంతో. మీకు రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు వరసగా ఉండాలని 2022 చట్టంలో ఉంది. రాత్రంతా దగ్గి పొద్దున ఐదింటికి లేచేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. హెల్త్ ఇన్సూరెన్స్ దుబాయ్, అబుదాబిలో ముందు నుంచీ ఉంది, 2025 జనవరి నుంచి మిగతా ఎమిరేట్లలో కూడా తప్పనిసరి. దాని ప్రీమియం యజమానే కట్టాలి. డాక్టరు దగ్గర, మందుల దగ్గర కొంత శాతం మనం పెట్టుకోవాలి, అంతే. మీ కార్డు కంపెనీ డ్రాయర్‌లో ఉంటే పని జరగదు. కార్డు ఫోటో మీ ఫోన్‌లో ఉండాలి.

మాస్కు ఇవ్వకపోయినా, సర్టిఫికెట్ ఇచ్చినా జీతం కోసినా, ఇక్కడి లేబర్ శాఖకు 80084 నంబరుకు ఫోన్ చేయండి, హిందీలో మాట్లాడవచ్చు. మన కాన్సులేట్ సహాయ కేంద్రం ఉచిత నంబరు 800 46342, ఏ వేళైనా ఎత్తుతారు.

ఆ టైల్ మేస్త్రీ ఇప్పుడు ఇంకో సైటులో ఉన్నాడు. మొన్న ఫోన్ చేశాడు. అక్కడ స్టోర్‌లో మళ్లీ అవే నీలం మాస్కులట. పద్దెనిమిది మంది సంతకాలతో కాగితం రాసిచ్చారట, ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూడమని నాకు ఫోటో పంపాడు. రెండు స్పెల్లింగులు తప్పున్నాయి, దిద్ది పంపాను.